మిర్యాలగూడ కాంటా, పాత సెట్టింగు

మిర్యాలగూడ రైసు మిల్లు కాంటాను పాడుచేసింది సూర్యాపేట వాళ్ళు. ఇందులో చర్చ లేదు. గురువారం సాయంత్రం దాకా ట్రాక్టరు కాంటా మీదికి ఎక్కితే కన్ను మూసి తెరిచేలోగా బరువు చిట్టీ వచ్చేది. ఆ సాయంత్రం సూర్యాపేట హెడ్డాఫీసులో సర్వరు మార్చారు. శుక్రవారం పొద్దున్నుంచి అదే చిట్టీకి రెండున్నర నిమిషాలు పట్టింది. రోగం ఏ రోజు వచ్చిందో తెలిశాక ఎవరు అంటించారని ఊరంతా అడగనక్కర్లేదని లింగస్వామి లెక్క.

ఆ రైసు మిల్లు కాంటా గదిలో అతను పద్నాలుగేళ్ళుగా కూర్చుంటున్నాడు. వయసు యాభై ఎనిమిది. హాలియా పక్క పల్లెలో సర్కారు బడి, పదో తరగతి, తర్వాత మిర్యాలగూడలో ఆరునెలల కంప్యూటరు కోర్సు. చదువు అంతే. భార్య కాటమ్మ పోయి ఆరేళ్ళయింది. ఆమె పోయాక అతను మాటలు తగ్గించి, మిగిలిన వాటిలో కారం పెంచాడు. ఆలస్యంగా వచ్చిన అంబులెన్సు డ్రైవరును క్షమించలేదు. పెద్దకర్మకు రాని తోడల్లుణ్ణి క్షమించలేదు. ఇప్పుడు ఆ వరుసలో కొత్త సర్వరు వచ్చి నిలబడింది.

యాసంగి కోతలు జోరుగా ఉన్నాయి. కాంటా ముందు ట్రాక్టర్లు గేటు దాటి, రోడ్డు మలుపు దాటి, అవతలి టీకొట్టు దాకా బారులు తీరాయి. అన్నిటికంటే ముందు కిష్ట్యా ట్రాక్టరు ఉంది. కిష్ట్యా వాడపల్లి వైపు తండా నుంచి వడ్లు తోలేవాడు. నోరు ఇంజనుకంటే గట్టిది.

"ఏం లింగన్నా, చిట్టీ వండుతున్నవా? ఉడికినంక పిలువు, పోయి అన్నం తిని వస్త."

"నీ నోరు మూస్తే ఉడుకుతది."

"పొద్దుగాల ఎక్కినోణ్ణి. నా పిలగాని పెండ్లి నాటికన్న దిగుతనా?"

"నీకు పెండ్లే కాలేదు."

"గందుకే అడుగుతున్న."

వెనక ట్రాక్టర్ల వాళ్ళు పడీపడీ నవ్వారు. గేటు దగ్గర వడ్ల తేమ చూసే పుష్పాబాయి మాత్రం నవ్వలేదు. ఆమె చేతిలో మీటరు పట్టుకుని ఆకాశం వైపు చూస్తోంది.

"అన్నా, మబ్బు పట్టింది. గీ వడ్లకు తేమ పదహారున్నది. పదిహేడు దాటితే సేటు దించుకోనియ్యడు. నాలుగు చినుకులు పడ్డయంటే ఇన్ని బండ్లు వాపస్ పోవాలె. రైతులు నా మీదికొస్తరు, నీ మీదికి గాదు."

"నా మీదికి ముందే వచ్చిన్రు."

లింగస్వామి ఊరికే తిట్టుకుంటూ కూర్చునే రకం కాదు. గోడ మీది క్యాలెండరు కాగితం చించి, వెనకవైపు ప్రతి బండికీ పట్టిన సమయం రాశాడు. మధ్యాహ్నానికల్లా ఒక వింత బయటపడింది. లారీలకు చిట్టీ ఒక్క సెకనులో వస్తోంది. ట్రాక్టర్లకే రెండున్నర నిమిషాలు. కాంటా అదే, కంప్యూటరు అదే, మనిషి అదే.

అతను సూర్యాపేటలో సర్వరు చూసే శ్రీధర్‌కు ఫోను చేశాడు. శ్రీధర్ మంచివాడే. కానీ తనకు తెలిసిన దానికీ తెలియని దానికీ ఒకే గొంతు వాడతాడు.

"గురువారం ఏమేం మార్చినవ్?"

"సర్వర్ మార్చిన అన్నా. మూడు ఊర్ల డేటాబేసులు కొత్తదాని మీదికి ఎక్కించిన. కంపాటిబిలిటీ సెట్టింగ్ పాతది తీసేసి కొత్తది పెట్టిన. గంతే."

"గా సెట్టింగ్ ఏం జేస్తది?"

"కొత్త సర్వర్‌కు 'నువ్వు పాతదాని లెక్కనే నడువు' అని చెప్పే మీట. పాత కమాండ్లు ఆగిపోకుంట ఉండనీకె పెడ్తరు. దానికి స్పీడుకు సంబంధమే లేదు."

"లారీలకు ఒక్క సెకను, ట్రాక్టర్లకు రెండున్నర నిమిషాలు. సర్వర్ బలం తక్కువైతే రెంటికీ తక్కువ గావాలె. ఏదో పద్ధతి మారింది. తీసిందాన్ని మల్ల పెట్టు."

"కొత్త కారు కొని ఎద్దులు కట్టమన్నట్టున్నదన్నా నువ్వు చెప్పేది."

"నీ కారు నా కాంటా మీద కదుల్తలేదు. ఎద్దులన్న కదుల్తయి. ఎక్కించే ముందు పరీక్ష చేసినవా?"

"చేసినం. కోదాడ డేటాతోని. చానా సాఫ్‌గ ఉంటది అది."

"మా దాంతోని చేయమని నెల కిందనే చెప్పిన."

"అన్ని ఒక్కటే కద అన్నా."

లింగస్వామి ఫోను పెట్టేశాడు. క్షమించనివాళ్ళ వరుసలో ఇంకొకరికి చోటు చేశాడు.

సాయంత్రం మిల్లు యజమాని శ్యాంసుందర్ నుంచి ఫోను వచ్చింది. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మూడింటిలోనూ మిల్లులు ఆయనవే.

"లింగస్వామీ, కోదాడల మంచిగ నడుస్తున్నది, సూర్యాపేటల నడుస్తున్నది. నీ దగ్గర్నే ఎందుకాగుతున్నది? శ్రీధర్ ఏమంటున్నడంటే, పెద్దమనిషికి చేతులు మెల్లగైనయట."

"ట్రాక్టర్లకే మెల్లగైనయా సేటు చేతులు? లారీలకు మంచిగనే ఉన్నయి గద."

"అవన్ని నాకు తెల్వది. చిలుకూరు గోదాము ఖాళీగున్నది. సోమవారం నుంచి గాడ సంచులు సూసుకో. ఈడ ఇంకొకరిని కూసోబెడ్త."

లింగస్వామికి గుండెలో ఎక్కడో బోల్టు ఊడినట్టయింది. చిలుకూరు గోదాములో సంచులుంటాయి, ఎలుకలుంటాయి. మనిషి ఉండడు. ఇంట్లో ఎలాగూ ఉండడు. ఈ గదిలో మాత్రం రోజుకు తొంభైమంది కిటికీలోంచి తల పెట్టి లింగన్నా అని పిలుస్తారు, తిడతారు, తిట్టించుకుంటారు. తనకు మిగిలిన సంసారం అదే. ఆ సంగతి సేటుకు చెప్పేది కాదు.

"రేపు శనివారం. ఒక్కసారి పాత సెట్టింగ్ పెట్టియ్యుండ్రి సేటు. అయినా చిట్టీ తొందరగ రాకుంటే చిలుకూరుకు నేనే నడుసుకుంట పోత."

"నడుసుడెందుకు, బస్సున్నది. సరే, సాఫ్ట్‌వేరోళ్ళను పంపిస్త."

శనివారం పొద్దున తొమ్మిదింటికి కోదాడ బస్సు దిగి ఒకామె వచ్చింది. ముప్పై లోపు వయసు. భుజాన ల్యాప్‌టాప్ సంచీ, చేతిలో సగం తిన్న బొబ్బట్టు.

"నమస్తే బాబాయ్ గారూ. నేను ప్రవళికనండి. సాఫ్ట్‌వేరు మాదే."

"నేను నీకు బాబాయ్ ఎట్లయిత?"

"మా నాన్నగారికంటే చిన్నవాళ్ళలా ఉన్నారు కదండీ."

లింగస్వామి కుర్చీ జరిపాడు. ఆమె కూర్చుని, క్యాలెండరు కాగితం రెండువైపులా చదివింది. అటువైపు దేవుడి బొమ్మ, ఇటువైపు బండ్ల సమయాలు. "ఇంత చక్కగా మా ఆఫీసులో కూడా ఎవరూ రాయరండీ" అంది. అతను విననట్టు కిటికీ బయటికి చూశాడు.

"మూడు ఊళ్ళకూ సర్వరు ఒకటే అయినా డేటాబేసులు వేరు. కాబట్టి మీ ఒక్కరికే పాత సెట్టింగు పెట్టి చూడొచ్చు. ఒక ట్రాక్టరును ఎక్కించండి."

కిష్ట్యా ఎక్కించాడు. ఆమె ఏదో రెండు ముక్కలు కొట్టింది. లింగస్వామి నంబరు వేసి మీట నొక్కాడు. మీట మీంచి వేలు తీసేలోపు చిట్టీ బయటికొచ్చింది.

కిష్ట్యా రెండువేళ్ళు నోట్లో పెట్టి ఈల వేశాడు. టీకొట్టు దాకా ఉన్న ట్రాక్టర్లన్నీ హారన్లు కొట్టాయి. పుష్పాబాయి మీటరు పైకెత్తి ఊపింది. లింగస్వామి నవ్వలేదుగానీ శ్రీధర్‌కు మాత్రం ఫోను చేశాడు.

"శ్రీధరూ, నీ కారుకు ఎద్దులు కట్టినం. ఉరుకుతున్నది."

అరగంటలో ఇరవై బండ్లు కాంటా దిగాయి. లింగస్వామికి పద్నాలుగేళ్ళలో అంత రుచిగల పొద్దు రాలేదు. ప్రవళిక మాత్రం సంచీ సర్దలేదు. మూలన స్టూలు మీద కూర్చుని తెరలోకి చూస్తూనే ఉంది.

"ఇంకేం సూస్తున్నవమ్మా? పనైంది గద."

"ఎందుకైందో చూడాలి కదండీ. కొత్త సెట్టింగుతో కోదాడలో నెల రిపోర్టు నలభై నిమిషాల నుంచి మూడు నిమిషాలకు వచ్చింది. మీకు మాత్రం ఎదురు తిరిగింది." ఆమె తల పైకెత్తింది. "బాబాయ్ గారూ, 4417 అని ఒక బండి ఉంది. ఎవరిదండీ?"

లింగస్వామి చిట్టీల కట్ట సర్దడం మొదలుపెట్టాడు.

"సీజన్లో రోజుకు తొంభైసార్లు వచ్చింది. పద్నాలుగేళ్ళలో లక్షా డెబ్భై వేల చిట్టీలు. పోయిన మంగళవారం ఒకే గంటలో పద్దెనిమిదిసార్లు ఆరేసి టన్నుల వడ్లు తెచ్చింది. అంత పనిమంతురాలైన బండిని నేనెక్కడా చూడలేదండి. ఏ కంపెనీ ట్రాక్టరు?"

తలుపు దగ్గర నిలబడ్డ పుష్పాబాయి కిసుక్కుమంది. "అది ట్రాక్టర్ గాదమ్మా, మోపెడ్. అన్న మోపె..." అని, లింగస్వామి ముఖం చూసి మాట మింగేసింది.

సంగతి ఇది. మిర్యాలగూడ చుట్టుపక్కల ట్రాక్టరు ఒకరిది, ట్రాలీ ఇంకొకరిది. పొద్దున ఒక ట్రాక్టరు లాక్కొచ్చిన ట్రాలీని మధ్యాహ్నం మరొకటి లాక్కుపోతుంది. ట్రాలీలకు నంబరు ప్లేట్లు ఉండవు. కోదాడ, సూర్యాపేట మిల్లుల్లో ట్రాలీ వెనక రంగుతో ఒక్కో అంకె రాయించి దాన్నే వేస్తారు. ఇక్కడ అలా రాయించలేదు. కంప్యూటరు వచ్చిన మొదటిరోజు మొదటి ట్రాలీ కాంటా ఎక్కినప్పుడు, బండి నంబరు వేయనిదే ముందుకు పోనని తెర మొండికేసింది. లింగస్వామి తల ఎత్తి కిటికీలోంచి చూశాడు. బయట వేపచెట్టు నీడలో మోపెడ్ ఆపి, దాని మీదే కూర్చుని, సద్దిగిన్నె ఒళ్ళో పెట్టుకుని కాటమ్మ ఎదురుచూస్తోంది. మోపెడ్ ముందు ప్లేటు మీద 4417. అతను అదే కొట్టాడు. ట్రాలీ ఎవరిదన్నది పక్కన గుర్తు కోసం రాసుకున్నాడు: కిష్ట్యా, నీలం డబ్బా. రెండో ట్రాలీకీ అదే కొట్టాడు. తర్వాత చేతికి అలవాటైంది. మోపెడ్ అమ్మేశాడు. కాటమ్మ పోయింది. నంబరు మాత్రం రోజుకు తొంభైసార్లు వచ్చిపోతూనే ఉంది.

ఇదేమీ అతను ప్రవళికకు చెప్పలేదు. "అది ట్రాలీలకు కొట్టే నంబర్" అన్నాడు, అంతే.

ఆమె చాలాసేపు తల గోక్కుంది. "అయితే అర్థమైందండీ. కాంటా ఎక్కిన ప్రతిసారీ సాఫ్ట్‌వేరు ఆ నంబరు మీద, వడ్లు దించాక ఖాళీ బండి బరువు ఇంకా పడని చిట్టీలు వెతుకుతుంది. సర్వరు వెతకబోయే ముందు, ఎన్ని దొరుకుతాయో ఒక అంచనా వేసుకుంటుంది. సెట్టింగు మారితే ఆ అంచనా వేసే పద్ధతి మారుతుంది. కొత్త పద్ధతిలో, ఏ బండైనా మహా అయితే ఓ ముప్పైసార్లు వచ్చి ఉంటుందిలే అనుకుని ఒక్కో చిట్టీనీ విడిగా పోయి తెచ్చుకుంటోంది. లారీకి అది మంచి దారే. 4417కి లక్షా డెబ్భై వేలసార్లు తిరగాలి. పాత పద్ధతి మొత్తం కట్టను ఒకేసారి ముందరేసుకుని చదివేసేది."

"చెంచాతోని చెరువు తోడినట్టు."

"అంతేనండి."

"అంటే తప్పు సెట్టింగ్‌దా, నాదా?"

"సెట్టింగు వల్ల వేగం మారుతుంది. అది ఖాయం. శ్రీధర్ గారు సంబంధం లేదనడం తప్పే. పరీక్ష చేయకపోవడం ఇంకా తప్పు. కాకపోతే..." ఆమె గొంతు తగ్గించింది. బయట కిష్ట్యా ద్వారా చిలుకూరు సంగతి ఆమెకు అప్పటికే తెలిసిపోయింది. "పాత సెట్టింగు ఇలాగే ఉంచేసి, 'సెట్టింగు వల్ల ఆలస్యం' అని ఒక్క ముక్క రాసి వెళ్ళిపోతానండి. అబద్ధం కాదు. మీ కుర్చీ మీకుంటుంది."

లింగస్వామి కిటికీలోంచి చూశాడు. మబ్బు నల్లబడింది. ఇంకా అరవై బండ్లున్నాయి. ఒక్క ముక్క రాస్తే చాలు, శ్రీధర్ నోరు పడిపోతుంది, సేటు నోరు మూతపడుతుంది. అబద్ధం కాదు. కాటమ్మ పోయిననాడు అంబులెన్సు డ్రైవరు కూడా అబద్ధం చెప్పలేదు. అద్దంకి రోడ్డు మీద లారీలు ఆగాయన్నాడు. ఆగింది నిజమే. దానికి ముందు తను టీ తాగడానికి ఆగిన పావుగంటను చెప్పలేదు, అంతే. ఆ సగం నిజాన్ని లింగస్వామి ఆరేళ్ళుగా పళ్ళ కింద రాయిలా నములుతున్నాడు. ఒకడి సగాన్ని క్షమించనివాడు తన సగాన్ని దాచుకుని ఏ ముఖంతో తిరుగుతాడు?

"పూర్తిగ రాయి."

"ఏమని రాయనండీ?"

"పరీక్ష చేయకుంట సెట్టింగ్ మార్చింది సూర్యాపేటోళ్ళు. అన్ని ట్రాలీలకు ఒక్క నంబర్ కొట్టింది మిర్యాలగూడ లింగస్వామి. రెండు రాయి. పేరు గూడ రాయి."

ప్రవళిక ఒక్కక్షణం అతన్ని చూసి, తల వంచి రాయడం మొదలుపెట్టింది. లింగస్వామి లేచి తలుపు దగ్గరికి వెళ్ళి కేకేశాడు.

"కిష్ట్యా! రంగు డబ్బా తే. ఇయ్యాల్టి నుంచి ప్రతి ట్రాలీకి అంకె వెయ్యాలె."

కాంటా ముందు గొడవ లేచింది. కిష్ట్యా ఒకటో నంబరు తనకే కావాలన్నాడు. పొద్దున్నుంచి ముందున్నది తనేనట. తిరుమలగిరి నుంచి వచ్చిన ఒకాయన తన అంకెలు కూడితే తొమ్మిది రావాలని పట్టుబట్టాడు. ఎనిమిది అచ్చిరాదని ఒకడు, పదమూడు వద్దని మరొకడు.

"పెండ్లి సంబంధమా ఇది, జాతకాలు సూసుకోనీకె?" అన్నాడు లింగస్వామి. "బండి నిలబడ్డ వరుసల ఏదొస్తే అది. నచ్చనోళ్ళు వడ్లు ఇంటికి కొంటవోయి వండుకోండ్రి."

"మరి ఈరోజు రాని ట్రాలీలు?" అని లోపలినుంచి ప్రవళిక అడిగింది. "గుర్తుల్లో రకరకాలుగా ఉన్నాయి. నీలం డబ్బా, కిష్ట్యా నీలం, కే నీలం..."

"మూడు ఒక్కటే. రాసుకో." లింగస్వామి గోడకు ఆనుకుని కళ్ళు మూసుకున్నాడు. కాగితం ముట్టలేదు. హాలియా అన్నదమ్ముల ఎర్ర ట్రాలీలు రెండు, ఒకదానికి వెనక తలుపు లేదు. వాడపల్లి శాంతకుమారి ట్రాలీ, ఎడమ చక్రం చిన్నది. మిగిలినవి ఆ వెంటనే. నూటా నలభై ఒకటి చెప్పి కళ్ళు తెరిచాడు. మధ్యలో ఎక్కడా తడుముకోలేదు. పుష్పాబాయి నోరు తెరిచి వింది.

"పాత చిట్టీలేం చేయమంటారండీ?" అని ప్రవళిక మెల్లగా అడిగింది. "వాటినీ కొత్త నంబర్లకు మార్చొచ్చు. లేదంటే కదిలించకుండా వేరే పెట్టెలో పెట్టేస్తాను. రోజువారీ వెతుకులాటకు అడ్డం రావు."

"వేరే పెట్టెల పెడితే... నంబర్ గదే ఉంటదా?"

"అదే ఉంటుందండి."

"గట్లనే పెట్టు" అన్నాడు. ఆ తర్వాత ముక్కు చీదడానికి బయటికి వెళ్ళాడు. దుమ్ము అన్నాడు.

రెండింటికి ఆమె మళ్ళీ కొత్త సెట్టింగు పెట్టింది. రెండో ట్రిప్పుతో కాంటా ఎక్కిన కిష్ట్యా ట్రాలీ వెనక తడిరంగు ఇంకా కారుతోంది. లింగస్వామి 1 కొట్టాడు. వేలు ఒక్కక్షణం ఆగింది, తర్వాత మీట నొక్కింది. చిట్టీ టక్కున బయటపడింది. మొదటి చినుకు రాలేటప్పటికి ఆఖరి ట్రాలీ షెడ్డు కిందికి చేరింది. తేమ పదహారే.

నాలుగింటికి శ్యాంసుందర్ ఫోను చేశాడు. స్పీకరు పెట్టి ఉంది. టీగ్లాసులతో పుష్పాబాయి, కిష్ట్యా, ప్రవళిక అక్కడే ఉన్నారు.

"రిపోర్ట్ సూసిన లింగస్వామీ. శ్రీధర్‌కు చెప్పిన, ఇగ మూడు ఊర్ల డేటా పరీక్ష చేయకుంట ఏ మీటా ముట్టొద్దని. నీది గూడ చిన్న తప్పేం గాదు. పద్నాలుగేండ్లు! కాని దాచుకోలేదు సూడు, గందుకే కుర్చీ నీదే."

"మంచిది సేటు."

"గాని ఒక్క ముచ్చట చెప్పు. రిపోర్ట్‌ల సూసినసంది నవ్వాగుతలేదు నాకు. సున్నలు కొట్టొచ్చు, ఒకట్లు కొట్టొచ్చు. పోయి పోయి మోపెడ్ నంబర్ ఎందుకు కొట్టినవయ్యా?"

కిష్ట్యా టీ ఊదడం ఆపాడు.

"సేటు," అన్నాడు లింగస్వామి, "సర్వర్ సంగతి అడుగుండ్రి, చెప్త. సెట్టింగ్ సంగతి అడుగుండ్రి, రాతమూలకంగ ఇస్త. ఆ నంబర్ ఎందుకు కొట్టిననో మాత్రం చెప్ప. మీరడిగినా చెప్ప, చిలుకూరుకు పంపినా చెప్ప. ఇయ్యాల్టితోని ఖతం. ఇగ ఎన్నడు ఆ ముచ్చట నా నోట్లెకెళ్ళి రాదు."